ఆకులు గాల్లో, వేర్లు నీళ్లలో: తిరుపతి ఎండలకు తట్టుకునే మొక్కల అక్వేరియం పెట్టుకోవడం ఎలా?

"అన్నా, చేపలు బాగానే ఉన్నాయి. మొక్కలే నెల తిరక్కుండా కుళ్లిపోతున్నాయి. కార్బన్ డై ఆక్సైడ్ సిలిండర్ కొనాలా?" తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి, మదనపల్లె ఎక్కడి నుంచి అడిగినా ప్రశ్న దాదాపు ఇదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

సిలిండర్ కొనొద్దు. మొక్కను పూర్తిగా నీళ్లలో ముంచడం మానేయండి. వేర్లు నీళ్లలో ఉంచి, ఆకులను గాల్లోకి వదలండి. కార్బన్ డై ఆక్సైడ్ నీళ్లలో కదిలే వేగం గాల్లోకంటే దాదాపు పది వేల రెట్లు తక్కువ. అందుకే మునిగిన ఆకుకు తిండి చాలదు. బయటికొచ్చిన ఆకుకు గాలి ఉచితంగా దొరుకుతుంది. దాంతో మొక్క ఏపుగా పెరుగుతూ, చేపల వ్యర్థాలనుంచి వచ్చే అమ్మోనియాను, నైట్రేట్‌ను వేర్లతో లాగేస్తుంది. థియరీ ఇంతే, ఇక పనిలోకి దిగుదాం.

కావలసినవి

24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 15 ఎత్తు ఉన్న గాజు తొట్టిని లెక్కలోకి తీసుకుని చెబుతున్నాను. మీది చిన్నదైతే ఆ నిష్పత్తిలో తగ్గించుకోండి.

- తొట్టి కింద, బయటివైపు పరవడానికి అదే సైజు థర్మాకోల్ షీటు
- ఎరువు కలవని ఎర్రమట్టి, చిన్న బకెట్‌ అంత (5 లీటర్లు)
- కడిగిన ఏటి ఇసుక, 12 కిలోల దాకా
- ఎయిర్ పంపు, స్పాంజి ఫిల్టరు
- 18 నుంచి 20 వాట్ల తెల్ల ఎల్ఈడీ లైటు, వీలైతే టైమరు
- అద్దానికి అతుక్కునే ప్లాస్టిక్ సబ్బు పెట్టెలు రెండు మూడు (కొత్తవి, అడుగున కన్నాలున్నవి)
- నైలాన్ దారం, ఇటుక ముక్కలు
- దోమతెర ముక్క
- అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ చూసే టెస్ట్ కిట్
- మొక్కలు, చివర్లో చేపలు

డబ్బు సరిపోకపోతే లైటు మామూలుది కొనండి, అలంకారాలు మానేయండి. టెస్ట్ కిట్ మాత్రం మానొద్దు.

1. ముందు చోటు చూసుకోండి

నీళ్లు, మట్టి, ఇసుక, గాజు కలిపితే ఈ తొట్టి దాదాపు 70 కిలోలు తూగుతుంది. టీవీ స్టాండు మీదా, ప్లైవుడ్ అర మీదా పెట్టొద్దు. గోడలోకి దించిన కడప బండ అరలు మన ఇళ్లలో ఉంటాయి కదా, అవి మోస్తాయి. పడమటి కిటికీ పక్కన వద్దు. మధ్యాహ్నం మూడు గంటల ఎండ తగిలిందంటే నీళ్లు కాగుతాయి, పాచి పడుతుంది. తూర్పు కిటికీకి నాలుగైదు అడుగుల దూరం మంచి చోటు. తొట్టికి పైన రెండడుగులైనా ఖాళీ ఉండాలి, మొక్కలు పెరిగేది అటే.

వంటగది దగ్గర, దోమల మందు ప్లగ్ ఉన్న గోడకు దగ్గర పెట్టొద్దు. ఆ మందుల్లో ఉండే పైరిత్రాయిడ్లు మనకు పెద్దగా చేయని హాని చేపలకు చేస్తాయి. ఎయిర్ పంపు గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి తోస్తుందని గుర్తుంచుకోండి. వీధిలో ఫాగింగ్ బండి వస్తే కిటికీలు మూసి, పంపు ఆపి, తొట్టిమీద తడిగుడ్డ కప్పండి. పొగ పోయాక తీసేయండి.

2. రాళ్లకూ ఇసుకకూ నిమ్మకాయ పరీక్ష

తొట్టిలో వేసే ప్రతి రాయి మీదా నిమ్మరసం పిండి, దగ్గర పెట్టుకుని చూడండి. సన్నగా నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టు. అది కరిగి మన నీళ్లను ఇంకా గట్టి నీళ్లుగా (సున్నం లాంటి ఖనిజాలు ఎక్కువున్న నీళ్లుగా) మారుస్తుంది, వాడొద్దు. కడప రాయి సున్నపురాయి జాతిదే. తొట్టి కింద అది బంగారం, తొట్టి లోపల మాత్రం వద్దు. గ్రానైట్ ముక్కలకు ఇబ్బంది లేదు. ఇసుకను కూడా ఒక చెంచాడు తీసి ఇలాగే చూడండి. ఎం-సాండ్ వాడకండి, ఎంత కడిగినా పిండి వదలదు.

అలిపిరి వైపు వెళ్లినప్పుడో తలకోన వెళ్లినప్పుడో అందమైన కట్టెముక్క కనిపిస్తే తెచ్చేద్దామనిపిస్తుంది. తేవొద్దు. శేషాచలం కొండల్లో చాలా భాగం శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం కిందికి వస్తుంది. అక్కడినుంచి పుల్ల తెచ్చినా కేసే. పెరట్లో బాగా ఎండిన జామకొమ్మ ఉంటే బెరడు తీసి, గంటసేపు ఉడికించి, వారం నానబెట్టి వాడుకోండి. అదీ లేకపోతే కుండ పెంకు చాలు, చేపలకు దాక్కోవడానికి అంతకంటే ఏం కావాలి?

3. అడుగు పరవడం

మట్టిని జల్లించి, రాళ్లూ వేర్లూ ఏరేసి, ఒక అంగుళం మందాన పరవండి. పేడ ఎరువు, వర్మీకంపోస్టు, నర్సరీ కుండీల మట్టి పనికిరావు. బలం ఎక్కువైతే అమ్మోనియా ఊరుతుంది. దాని మీద అంగుళంన్నర ఇసుక. ఇసుకను నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి, పది సార్లు పట్టినా విసుక్కోవద్దు.

మట్టి గొడవ వద్దనుకుంటే ఉత్త ఇసుకతోనూ నడుస్తుంది. పైమొక్కలకు (ఆకులు గాల్లో, వేర్లు నీళ్లలో ఉండేవాటికి) అడుగుమట్టితో పనే లేదు. లోపలి మొక్కలకు (నీళ్లలో మునిగి ఉండేవాటికి) మాత్రం అప్పుడప్పుడు వేర్ల దగ్గర ఎరువు మాత్రలు గుచ్చాలి.

4. నీళ్లు

మొత్తం 10 అంగుళాల ఎత్తు వరకే నింపండి. పైన 5 అంగుళాలు గాజు ఖాళీగా ఉంటే చేపలు బయటికి ఎగరవు, లేత ఆకులకు తేమ దొరుకుతుంది. అడుగున మట్టి, ఇసుక పోగా నీళ్లు దాదాపు 35 లీటర్లు పడతాయి. ఇసుక మీద ఒక పళ్లెం పెట్టి, దాని మీద సన్నగా పోయండి. నేరుగా కుమ్మరిస్తే కింది మట్టి అంతా పైకి లేస్తుంది.

మున్సిపల్ నీళ్లైతే, అవి కల్యాణి డ్యామ్‌వైనా తెలుగుగంగవైనా, క్లోరిన్ కలిపే వస్తాయి. వెడల్పాటి టబ్బులో ఒక రోజు తెరిచి ఉంచండి. తొందరైతే అక్వేరియం షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కానీ ఆక్సిజన్ తక్కువ. ఒక రాత్రి ఎయిర్ పంపు పెట్టి, మర్నాడు వాడండి.

"మా బోరు నీళ్లు బాగా ఉప్పు, ఆర్వో నీళ్లు పోయొచ్చా?" ఉత్త ఆర్వో నీళ్లలో ఖనిజాలే ఉండవు, చేపలు నీరసిస్తాయి. సగం బోరు, సగం ఆర్వో కలపండి. ఆర్వో మెషిన్ వదిలేసే వేస్టు నీళ్లు మాత్రం పోయొద్దు. పారబోయడమెందుకని పోసేవాళ్లు ఉన్నారు. బోరు నీళ్లలోని ఉప్పంతా చిక్కబడి వచ్చేది అందులోనే.

5. ఫిల్టరు, కరెంటు

గాజు అంచుకు తగిలించే ఫిల్టర్లు నిండు తొట్టి కోసం చేసినవి. నీళ్లు 5 అంగుళాలు కిందికి ఉంటే వాటి గొట్టం సరిగా అందదు, పైనుంచి పడే నీళ్ల చప్పుడుకు ఇంట్లోవాళ్లు నిద్రపోరు. స్పాంజి ఫిల్టరు దీనికి సరైనది. ఎయిర్ పంపును నీళ్లమట్టంకన్నా పైన ఉంచండి, లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కొచ్చి పంపులోకి దిగుతాయి.

ప్రతి వైరూ ప్లగ్గుకు చేరేముందు కాస్త కిందికి వేలాడేలా వదలండి. వైరు వెంట జారిన నీటిబొట్టు ఆ వంపు దగ్గర నేలమీద పడుతుంది, ప్లగ్గులోకి పోదు. చెయ్యి తొట్టిలో పెట్టేముందు స్విచ్చులన్నీ ఆపేయండి.

6. పైమొక్కలు: అసలు పని ఇక్కడే

ముందు ఏవి పెట్టాలో చూద్దాం.

మనీ ప్లాంట్: మొదటిసారి పెట్టేవాళ్లు దీనితోనే మొదలుపెట్టండి. చచ్చిపొమ్మన్నా చావదు. కణుపు కింద అర అంగుళం వదిలి కొయ్యండి, రెండు కణుపులు నీళ్లలో మునగాలి, ఆకు ఒక్కటీ మునగకూడదు.

సింగోనియం, పీస్ లిల్లీ: రెండూ నీడలో ఉంటాయి. పీస్ లిల్లీకి ఆకులన్నీ పుట్టే మొదలు నీళ్లకు పైనే ఉండాలి. అది తడిస్తే వారంలో మెత్తబడుతుంది.

గొడుగు తుంగ: పొడవుగా, పైన గొడుగులా ఆకులు విప్పుకునే తుంగ. వెలుతురు బాగా కావాలి. మొక్కను మూల మీద నిలబెడితే తొట్టికి కొండవాగు అంచు అందం వస్తుంది.

పొన్నగంటి కూర: నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. రైతుబజారులో కట్ట కొంటే పప్పులోకి ఆకు కోసుకోవచ్చు, మిగిలిన కాడలు తొట్టికి పెట్టొచ్చు. కణుపు దగ్గర తెల్లటి వేర్లు చకచకా వస్తాయి. తూటికూర కూడా అంతే, నైట్రేట్ లాగడంలో దానికి సాటి లేదు. ఒక జాగ్రత్త: బజారు ఆకుకూరల మీద పురుగుమందు ఉండొచ్చు. కాడలను నేరుగా తొట్టిలో పెట్టకుండా, వేరే బకెట్‌లో వారం ఉంచి, రోజూ నీళ్లు మార్చండి. తొట్టిలో చేపల మందు ఏది వేసినా ఆ తర్వాత దీన్ని కూరకు కోయకండి.

నీటి బ్రాహ్మి: బకోపా పేరుతో అమ్ముతారు. నీళ్లలో నాటితే అదే పెరిగి పైకి తల ఎత్తుతుంది. లోపలికీ బయటికీ రెండిటికీ పనికొస్తుంది.

డంబ్‌కేన్ వద్దు. దాని పాలు తగిలితే నోరు, గొంతు వాస్తాయి. మనీ ప్లాంట్, సింగోనియం, పీస్ లిల్లీ ఆకులు నమిలినా నోరు మండుతుంది కాబట్టి పాకే పిల్లలు, పిల్లులు ఉన్న ఇంట్లో అందకుండా పెట్టండి.

ఇక పెట్టే పద్ధతి. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కను కుండీలోంచి తీసి, వేర్లను బకెట్ నీళ్లలో పావుగంట నానబెట్టండి. మట్టిని వేళ్లతో నెమ్మదిగా విడదీయండి. చివరికి కొళాయి కింద పట్టండి, నీళ్లు రంగు లేకుండా జారాలి. నర్సరీ మట్టిలో తెల్లటి, పచ్చటి చిన్న గుండ్లు కనిపిస్తే అవి ఎరువు గుళికలు కావచ్చు, ఒక్కటీ మిగలకూడదు. నల్లబడిన వేర్లు కత్తిరించండి. లేత గులాబీ రంగు పొటాషియం పర్మాంగనేట్ నీళ్లలో 10 నిమిషాలు ఉంచి, మళ్లీ కడిగితే నత్త గుడ్లు కొన్ని పోవచ్చు.

సబ్బు పెట్టెను గాజు లోపలివైపు, అడుగు మాత్రం నీళ్లకు తగిలేలా అతికించండి. వేర్లను కన్నాల్లోంచి కిందికి దించి, చుట్టూ ఇటుక ముక్కలు వేసి నిలబెట్టండి. ఎండాకాలం పెట్టెను గాజుకు అతికించే రబ్బరు కప్పులు పట్టు వదిలేస్తాయి కాబట్టి పైఅంచునుంచి నైలాన్ దారంతో కూడా కట్టండి. రాగి తీగ వాడొద్దు, రాగి నీళ్లలో కరిగితే నత్తలకూ రొయ్యలకూ విషం.

మట్టిలో పెరిగిన వేర్లు నీళ్లలో కొన్ని కుళ్లడం సహజం. రెండు మూడు వారాల్లో కొత్త వేర్లు వస్తాయి, తెల్లగా, సన్నటి నూగుతో. ఈ మధ్యలో రెండు ముదురాకులు పసుపెక్కితే టెన్షన్ పడకండి, తుంచేయండి.

7. లోపలి మొక్కలు

మునిగి ఉన్నా బతికే మొక్కలు కొన్ని ఉన్నాయి, కానీ ఇక్కడ పొదుపుగా వెళ్లండి. వాలిస్నేరియా మన గట్టి నీళ్లలో హాయిగా పెరుగుతుంది. క్రిప్టోకోరిన్ నాటిన కొత్తలో ఆకులన్నీ కరిగిపోతాయి, పీకేయకండి, వేరు నుంచి మళ్లీ వస్తుంది. అనూబియాస్ దుంపను ఇసుకలో పూడ్చొద్దు, రాయికో కట్టెకో దారంతో కట్టాలి. పూడిస్తే కుళ్లుతుంది. జావా ఫెర్న్‌కు మన వేసవి పడదు.

8. లైటు

రోజుకు 6 గంటలతో మొదలుపెట్టి, నెల తర్వాత 8 దాకా పెంచండి. లైటును గాజు అంచు మీద ఆనించొద్దు, అంచుకు ఒక అడుగు ఎత్తున వేలాడదీయండి. లేకపోతే పైమొక్కల ఆకులు దానికి తగిలి మాడిపోతాయి. ఇష్టం వచ్చినప్పుడు వేసి, మర్చిపోయి రాత్రంతా ఉంచేస్తే పెరిగేది పాచే.

9. చేపలు లేకుండా నెల రోజులు

చాలామంది తడబడేది ఇక్కడే. తొట్టి పెట్టిన రోజే చేపలు తెస్తారు, నాలుగో రోజుకు ఒకటొకటీ తేలతాయి. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో కుదురుకోవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. రెండు రోజులకొకసారి చిటికెడు చేపల మేత వేస్తూ ఉండండి, అది కుళ్లి బాక్టీరియాకు ఆహారమవుతుంది. తెలిసినవాళ్ల తొట్టిలో పాత స్పాంజి ముక్క దొరికితే మీ ఫిల్టరులో పెట్టండి, పని తొందరగా అవుతుంది.

మన దగ్గర తొందరపాటు ఇంకా ప్రమాదం. నీళ్ల పీహెచ్ (క్షారగుణం), వేడి పెరిగేకొద్దీ అదే అమ్మోనియా మరింత విషమవుతుంది. మన గట్టి నీళ్లలో పీహెచ్ ఎక్కువగా ఉండొచ్చు, ఎండలు ఎలాగూ ఎక్కువే.

ఈ నెల రోజుల్లో దోమల సంగతి మరవొద్దు. చేపలు లేని నీళ్లలో డెంగీ దోమ గుడ్లు పెడితే వారం, పది రోజుల్లో రెక్కలతో బయటికొస్తుంది. ఎయిర్ పంపు ఆపకుండా నడపండి, మొక్కల చుట్టూ దోమతెర కప్పండి. నీళ్ల మీద మెలికలు తిరిగే పురుగులు కనిపిస్తే వెంటనే వలతో తీసేయండి.

10. చేపలు

అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ కాస్త కనిపిస్తోంది అంటే సిద్ధమైనట్టు. ముందు నాలుగు గప్పీలు. రెండు వారాలు చూసి ఇంకో రెండు మూడు. గట్టి నీళ్లకు గప్పీ, ప్లాటీ సరిపోతాయి. గప్పీలు దోమపిల్లలను తినేస్తాయి, ఆ బెంగా తీరుతుంది. గోల్డ్ ఫిష్ వద్దు, వేర్లు కొరుకుతుంది, దానికి ఈ తొట్టి చాలదు, మన వేడీ పడదు.

చేపలు తెచ్చిన కవరును అలాగే 20 నిమిషాలు నీళ్ల మీద తేల్చి, కొంచెం కొంచెం తొట్టి నీళ్లు కలిపి, చేపలను వలతో తీసి వదలండి. కవర్లోని నీళ్లు తొట్టిలో పోయొద్దు. మేత రెండు నిమిషాల్లో అయిపోయేంతే.

రోహిణి కార్తె వచ్చేసరికి

బయట 40 డిగ్రీలు దాటినప్పుడు తొట్టిలో 32, 33 దాకా పోతుంది. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటాయి. చిన్న టేబుల్ ఫ్యాన్‌ను నీళ్ల మీదుగా ఏటవాలుగా తిప్పండి, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఐసు గడ్డలు వేయొద్దు, ఉన్నట్టుండి పడిపోయే వేడి చేపకు ఇంకా చెరుపు.

ఫ్యాన్ పెడితే నీళ్లు రోజూ తగ్గుతాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పులన్నీ లోపలే మిగులుతాయి. రోజూ బోరు నీళ్లే పోస్తూ పోతే రెండు నెలల్లో తొట్టి ఉప్పు గుంట అవుతుంది. అందుకే ఆవిరైన లోటును ఆర్వో నీళ్లతో పూడ్చండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానలు పడతాయి కదా, మేడ మీద తొలి వానను పోనిచ్చి, తర్వాతది డ్రమ్ములో పట్టుకుంటే ఇంకా మేలు. వారానికోసారి మార్చే పావు వంతు నీళ్లు మాత్రం మామూలువే.

కరెంటు గంటల తరబడి పోతే పంపును ఇన్వర్టరు లైనులో పెట్టండి. అది లేకపోతే గ్లాసుతో నీళ్లు తీసి పైనుంచి పోస్తుండండి. చాలాసేపటి తర్వాత కరెంటు వస్తే స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలో పిండి కడిగాకే ఫిల్టరు వేయండి. కొళాయి కింద కడిగితే క్లోరిన్‌కు బాక్టీరియా చస్తుంది.

సరిగ్గా ఉందో లేదో చూసుకునేది ఎలా?

వేర్లు చూడండి. తెల్లగా, గట్టిగా, నూగుతో ఉంటే బాగున్నట్టు. గోధుమరంగు, జిగురు, పట్టుకుంటే తోలు ఊడి వస్తే కుళ్లినట్టు. అక్కడికి కత్తిరించి, మొదలు నీళ్లకు పైకి ఉందో లేదో సరిచూడండి.

కొత్తాకు పసుపుగా, ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము చాలలేదు. గట్టి నీళ్లలో ఇది మామూలే, అక్వేరియం మొక్కలకు అమ్మే ద్రవ ఎరువు సగం మోతాదులో ఇవ్వండి. కిందాకులు మొత్తం పసుపైతే నత్రజని చాలలేదు, చేపలు తక్కువున్న తొట్టిలో వస్తుంది. యూరియా, డీఏపీ వేస్తే తొందరగా పచ్చబడుతుందని ఎవరన్నా చెబితే వినకండి. చేపలు చచ్చిపోవచ్చు.

టెస్ట్ కిట్‌లో నైట్రేట్ 5 నుంచి 20 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) మధ్య ఉంటే కొత్తగా ఏమీ చేయొద్దు. 40 దాటితే మేత ఎక్కువవుతోంది లేదా మొక్కలు చాలలేదు. సున్నాకు పడిపోతే పైమొక్కల తీగలు కొన్ని కత్తిరించండి.

మొదటి వారంలో నీళ్లు పాలలా తెల్లబడతాయి. బాక్టీరియా ఒక్కసారిగా పెరగడం వల్ల వచ్చేది, దానంతటదే తేరుకుంటుంది. నీళ్లన్నీ పారబోసి కొత్తవి పోస్తే మళ్లీ మొదటికే. పచ్చబడితే వెలుతురు ఎక్కువైనట్టు, రెండు గంటలు తగ్గించండి. గాజు మీద గోధుమరంగు పొర వస్తే గుడ్డతో తుడవండి, రెండు నెలల్లో తగ్గిపోతుంది. ఇసుకలోంచి బుడగలు వచ్చి కుళ్లిన గుడ్డు వాసన కొడితే సన్నటి పుల్లతో వారానికోసారి అక్కడక్కడ గుచ్చండి.

మనీ ప్లాంట్ వేర్లు ఏడాదిలో తొట్టంతా అల్లుకుంటాయి. మూడింట ఒక వంతుకు మించి ఒకేసారి కత్తిరించొద్దు. కత్తిరించినవీ, వద్దనుకున్న చేపలూ చెరువులో వదలకండి. గుర్రపుడెక్క మన చెరువులను ఎలా కమ్మేసిందో చూస్తూనే ఉన్నాం, తొట్టిలో పాచి తింటుందని పెంచే సక్కర్ చేపలు కూడా అలా జనం వదిలినవే. మొక్కలు తడిచెత్తలో వేయండి, చేపలు షాపుకో, తెలిసినవాళ్లకో ఇవ్వండి.

ఇంకో ప్రశ్న తరచూ వస్తుంది: "పండక్కి ఊరెళ్తున్నాం, నాలుగైదు రోజులు ఎలా?" ఎదిగిన చేపలు అన్ని రోజులు మేత లేకున్నా ఉంటాయి. వెళ్లే ముందురోజు పావు వంతు నీళ్లు మార్చి, 10 అంగుళాల మట్టం దాకా నింపి, లైటు టైమరు మీద ఉంచి వెళ్లండి. పక్కింటివాళ్లకు తాళం ఇచ్చినా, మేత డబ్బా మాత్రం బీరువాలో పెట్టి వెళ్లండి.